సైకిలు నెక్కిన విద్యుద్ఘటము



కృష్ణామండలపు మెట్టసీమలో సైకిలు గలవానికి చిరకాలము రెండే ఖర్చు లుండెడివి: గాలి కొట్టించుట, పంక్చరు వేయించుట. ఇప్పుడు మూడవది వచ్చి చేరినది. మా వీరులపాడు ప్రాంతమునుండి నందిగామకో, కంచికచర్లకో, జగ్గయ్యపేటకో దినదినము పనికై పోవువారిలో కొందరు, కాలిబలమునకు తోడుగా చిన్న మోటారు గల సైకిళ్లను కొనుచున్నారు. ఆ సైకిలులో మిక్కిలి ఖరీదైన యంగమును, ముందుగా ముసలిదగు నంగమును బ్యాటరీయే. అది యెట్టిది కొనవలెను, ఎంతది కొనవలెను అని నన్నడుగువారు కలరు. నేను తెలుగు పండితుడనుగా బడిలో పనిచేసి విశ్రాంతి గొన్నవాడను. రసాయనశాస్త్రము నా విద్య కాదు. అయినను అరువది దాటిన మోకాళ్లతో అట్టి సైకిలునే త్రొక్కుచుండుటచేత ఈ ప్రశ్న నన్నును పట్టినది. దీని యుత్తరము అంగడివాని మాటలలో కంటె బ్యాటరీ చరిత్రలో స్పష్టముగా కన్పట్టినది. కావున ఆ చరిత్రనే నేడు మీకు వినిపింపబూనినాను.

మొదట మాట సంగతి. మన పాఠ్యపుస్తకములలో బ్యాటరీలోని ఒక్కొక్క భాగమును విద్యుద్ఘటము అందురు. ఘటము అనగా కుండ. ఇది చక్కని పేరు; ఏలయన, ఇటలీ దేశీయుడగు ఓల్టా 1800 సంవత్సరమున లోకమునకు వెల్లడించిన సాధనములలో ఒకటి నిజముగా ఉప్పునీటి పాత్రల వరుసయే. రెండవది రాగి లేక వెండి బిళ్లలను, తగరపు లేక జింకు బిళ్లలను నడుమ తడియట్ట లుంచి దొంతిగా పేర్చినది. ఇంగ్లీషువారి బ్యాటరీ శబ్దము మాత్రము ఫిరంగుల వరుసకు పేరు. అమెరికా దేశపు ఫ్రాంక్లిను పదునెనిమిదవ శతాబ్ది నడుమ దానిని విద్యుత్పాత్రల కూటమికి తగిలించెను.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. అగస్త్యసంహిత యను పేర కొన్ని శ్లోకములను చూపి, విద్యుద్ఘటము మన ఋషులకు తెలిసినదే యని సభలలో చెప్పుచుందురు. సంస్కృతము చదివినవాడను గనుక నన్ను సాక్ష్యమునకు పిలిచినవారును కలరు. ఆ శ్లోకములు నమ్మదగిన ప్రాచీనమైన వ్రాతప్రతిలో ఉన్నట్లు ఎవరును నిరూపింపలేదు. వాని నడకయు నాకు క్రొత్తదిగానే తోచినది. మనకు వ్యాకరణమును, గణితమును ఉన్నవి. లేనిదానిని తెచ్చి తగిలించినచో ఉన్నదానికి గూడ విలువ తగ్గును.

ఓల్టా దొంతి ఒకమారు వాడిన పిదప ఖర్చయిపోవును. వాడినదానిని మరల నింపుకొను ఉపాయమును 1859లో ఫ్రాన్సు దేశపు గాస్టన్ ప్లాంటే కనుగొనెను. రెండు సీసపు రేకులను నడుమ తగులకుండ చుట్టలుగా చుట్టి గంధకికామ్లములో ముంచినాడు. విద్యుత్తు లోనికి పంపిన దాచుకొనును, కోరినప్పుడు తిరిగి యిచ్చును. 1881లో కమిల్ ఫోర్ అనువాడు రేకులపై సీసపుముద్దను మెత్తి దాని శక్తిని పెంచినాడు. ఆ సంవత్సరమే ఏప్రిలు నెలలో గుస్తావ్ త్రువే అనువాడు పారిసు నగరవీథిలో మూడుచక్రముల బండి కొకదానికి చిన్న మోటారును, ప్లాంటే ఘటములను అమర్చి నడిపెను. వేగము గంటకు ఇంచుమించు 12 కిలోమీటర్లు. మరుసటి యేడు ఇంగ్లండులో అయర్టను, పెర్రీ యను ఆచార్యు లిద్దరు అట్టి బండినే చేసి దానికి దీపములను గూడ పెట్టిరి. గమనింపుడు: పెట్రోలు మోటారుకారు పుట్టుటకు ముందే బ్యాటరీ బండి వీథిలో తిరిగినది.

రెండుచక్రములదానికి 1895 డిసెంబరు 31వ తేదీన అమెరికాలో ఆగ్డెన్ బోల్టను అనువానికి పేటెంటు దొరకెను. మోటారు వెనుకచక్రపు నడిబొడ్డులోనే యున్నది. నేటి సైకిళ్లలో అనేకములకు మోటారు అచ్చటనే యుండును. బ్యాటరీ 10 వోల్టులది, మోటారు 100 ఆంపియరుల దాక త్రాగగలదు. లెక్క సరి, అమరిక సరి. మరి నూరేండ్లు ఆ సైకిలు ఏల రాలేదు?

సీసము రానీయలేదు. కిలో సీసపు బ్యాటరీలో నిలువయుండునది ముప్పదియైదు వాట్-గంటలకు అటునిటు. అందులోను సగము మించి వాడుచుండిన అది త్వరగా చెడును. కిలో పెట్రోలులోనో పండ్రెండువేల వాట్-గంటలు. ఆ పోటీలో సైకిలు బ్యాటరీ నిలువలేకపోయినది. స్వీడను దేశపు యుంగ్నర్ 1899లో నికెలు-కాడ్మియము ఘటమును చేసెను. తరువాత ఎడిసను నికెలు-ఇనుప ఘటమును చేసెను. అవి గట్టివే గాని తేలికయైనవి కావు.

నా చిన్నతనమున పల్లెలలో విద్యుత్తు లేనిచోట పంచాయతీ రేడియోకు సీసపు బ్యాటరీ యుండెడిది. అది దిగిపోయినప్పుడు దానిని సైకిలు వెనుక క్యారియరుపై త్రాళ్లతో కట్టి, పట్నమునకు తీసికొనిపోయి ఛార్జి చేయించి తెచ్చెడివారు. త్రోవలో ఆమ్లము తొణికి పంచెకు చిల్లులు పడుటయు కలదు. అప్పుడు సైకిలు బ్యాటరీని మోసినది. బ్యాటరీ సైకిలును మోయుట యనునది ఆనాడు మా ఊహలో గూడ లేదు.

ఆ ముడి రెండువైపులనుండి విడినది. ఒకవైపు అవసరమును తగ్గించుట. 1993లో జపాను దేశపు యమహా సంస్థవారు పాస్ అను సైకిలును విడుదల చేసిరి. అందులోనిది 24 వోల్టుల సీసపు బ్యాటరీయే. క్రొత్తదనము బ్యాటరీలో లేదు. మనిషి పెడలుపై ఎంత బలము పెట్టెనో కొలిచి, దానికి తగినంత సాయము మాత్రమే మోటారు చేయును. తొక్కుట మానిన మోటారును మానును. ఈ పద్ధతివలన చిన్న బ్యాటరీ సైతము పనికివచ్చినది. నేడు మనము తొక్కుసాయపు సైకిలు అనుచున్న దాని కిదియే మూలము.

రెండవవైపు ఘటమును తేలికపరచుట. 1970 తరువాతి దశకములో స్టాన్లీ విటింగ్‌హామ్ లిథియము అయానులు ఒక పదార్థపు పొరలలోనికి దూరి వెలికివచ్చు నట్టి ఘటమును చేసెను. 1980లో జాన్ గుడెనఫ్ కోబాల్టు ఆక్సైడుతో దాని వోల్టేజిని పెంచెను. 1985లో జపాను శాస్త్రజ్ఞుడు అకిరా యొషినో ప్రమాదకరమైన లిథియము లోహమును తొలగించి, కర్బనముతో పనికివచ్చు రూపమునకు తెచ్చెను. 1991లో సోనీ సంస్థ దానిని అంగడిలో పెట్టెను. ఈ మువ్వురికిని 2019లో నోబెలు బహుమతి వచ్చినది. అప్పటికి గుడెనఫ్ వయస్సు 97 ఏండ్లు. విశ్రాంతి గొన్న ఉపాధ్యాయులము ఆ సంఖ్యను ఒకమారు తలచుకొనుట మంచిది.

ఈ క్రమములోనే చేతి వ్రేలంత ఘటమొకటి లోకమంతట వ్యాపించినది. అడ్డుకొలత 18 మిల్లీమీటర్లు, పొడవు 65; అందుచేతనే దానిని 18650 అందురు. సైకిలు బ్యాటరీ పెట్టె విప్పిచూచిన, లోపల పెక్కింటిలో ఇవియే పొగాకు చుట్టలవలె వరుసగా నుండును. వీనిలో అధికభాగము నికెలు, మాంగనీసు, కోబాల్టు కలిసిన జాతివి. తేలిక యనిన ఈ జాతిదే తేలిక.

కాని మనకు ముఖ్యమైన సంవత్సరము 1991 కాదు, 1997. ఆ యేట అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయమునుండి ఒక శాస్త్రవ్యాసము వెలువడెను. వ్రాసినవారు అక్షయ పాఢి, నంజుండస్వామి, గుడెనఫ్. మొదటి ఇద్దరును భారతీయులు. కోబాల్టునకు బదులు ఇనుమును, ఫాస్ఫేటును వాడి లిథియము ఘటము చేయవచ్చునని అందు నిరూపించిరి. ఇనుము చవుక. ఫాస్ఫేటులో ఆమ్లజని గట్టిగా బంధింపబడి యుండుటవలన, ఘటము మితిమీరి వేడెక్కినను లోనుండి మంటకు ఊపిరి పోయుట తక్కువ. అసలే కాలదని నేననను. తేలికజాతి కంటె ఆలస్యముగ, అధికమైన వేడికిగాని తిరుగబడదు. పైగా దీని ఆయువు హెచ్చు. తేలికజాతి అయిదువందలు మొదలు వేయిసారులు నింపి వాడుటకు వచ్చునన్న, ఇది రెండువేలసారులు వచ్చును. లోపము బరువు. అంతే శక్తిని దాచుటకు ఇది మరికొంత బరువును, చోటును కోరును.

ఇంతవరకు చరిత్ర పారిసు, జపాను, టెక్సాసులలో నడచినది. ఇక నందిగామకు వత్తము.

మన మెట్టలో వేసవి యెట్టిదో నేను వర్ణింపనక్కరలేదు. వైశాఖ జ్యేష్ఠములలో నందిగామ వేడిమి 45 డిగ్రీలు దాటు దినములు కలవు. ఆంధ్రదేశపు వాతావరణ వార్తలలో ఆ యూరి పేరు మాటిమాటికి వినబడుట కదియే కారణము. రేకుల క్రింద నిలిపిన సైకిలులో బ్యాటరీపెట్టె గాలికంటె వేడిగా నుండును. స్వీడను దేశపు అరీనియస్ 1889లో వేడిమికిని రసాయనక్రియల వేగమునకును గల సంబంధమును సూత్రీకరించెను. స్థూలముగా చెప్పిన, పది డిగ్రీలు హెచ్చిన ఆ వేగము రెట్టింపునకు దగ్గరగును. బ్యాటరీ ముసలిదగుటయు రసాయనక్రియయే. ఘటములు చేయువారు తమ పత్రములలో సాధారణముగా ఛార్జి చేయుటకు 45 డిగ్రీలు హద్దని వ్రాయుదురు. అనగా మే నెల మధ్యాహ్నమున మన పంచలో ఛార్జి పెట్టుటయే ఆ హద్దును మీరుట. చలిదేశమువాడు తేలికదనము వెదకినాడన్న న్యాయమే. ఇనుప ఫాస్ఫేటునకు చలి పడదు గనుక వానికి మరియొక కారణమును కలదు. మనకు ఆ భయము లేదు. ఒక కిలో బరువు హెచ్చినను, అది మంచినీళ్ల సీసా బరువు. ఎండను ఓర్చునదే మనకు తగిన ఘటము. నా తీర్పు ఇనుప ఫాస్ఫేటు వైపే.

ఇక ఎంతది యన్న ప్రశ్న. వోల్టులను ఆంపియర్-గంటలతో హెచ్చవేసిన వాట్-గంటలు వచ్చును. ఇదియే ధాన్యపు కొలతవంటి అసలు కొలత; తక్కినవి గోనె పొడవు వెడల్పులు. కాళ్లతో తొక్కుచు సాయము గొన్న, చదునైన త్రోవలో కిలోమీటరునకు 8 మొదలు 12 వాట్-గంటలు పట్టును. తొక్కక యాక్సిలేటరు త్రిప్పి కూర్చున్నచో 15 దాక పోవును. రానుపోను 30 కిలోమీటర్లు తిరుగువానికి, కిలోమీటరునకు 10 చొప్పున 300 వాట్-గంటలు కావలెను. బ్యాటరీని అడుగంట త్రాగింపరాదు. అయిదింట నాల్గు పాళ్లు వాడుదమన్న 375 ఉండవలెను. 36 వోల్టుల 10 ఆంపియర్-గంటల బ్యాటరీ 360 ఇచ్చును, ఇంచుమించు సరిపోవును. రెండేండ్లలో అది కొంత తరుగును గనుక 12 ఆంపియర్-గంటలది నిశ్చింత. అంతకు మించినది పదికిలోమీటర్లు పోవువానికి వృథాభారము.

అయితే మరీ చిన్నది కొందమా? నందిగామలో సైకిళ్లు బాగుచేయు నా పాతశిష్యుడు ఒకడు నాతో, "మాస్టారూ, అయిదు ఆంపియర్లది పెట్టించుకోండి. సంచిలో వేసుకుని పోవచ్చు, ధర సగమే. మధ్యలో ఒకసారి ఛార్జింగు పెట్టుకుంటే సరిపాయె" అన్నాడు. మాటకు వినసొంపుగనే యున్నది. వానిచేతనే కాగితముపై లెక్క వేయించితిని. ఎత్తు ఎక్కునప్పుడు మోటారు 15 ఆంపియర్ల దాక లాగును. పది ఆంపియర్-గంటల పెట్టెలో చిన్న ఘటములు నాలుగేసి జతగా నుండును. ఒక్కొక్కదానిపై నాలుగు ఆంపియర్లకు లోపే భారము. అయిదింటిదానిలో రెండేసియే; ఒక్కొక్కదానిపై ఏడున్నర. నాలుగెడ్లు లాగు బండిని రెండెడ్లకు కట్టినట్లు. అవి అదే త్రోవలో రెట్టింపు అలసి, వేడెక్కి, త్వరగా చచ్చును. ఇది చాలక దినమునకు రెండుమార్లు నింపవలసివచ్చుటచేత ఆయువు మరల సగము. శిష్యుడు కాగితమును మడిచి జేబులో పెట్టుకొని, "ఈ లెక్క అడిగినోళ్లకి చూపిస్తా మాస్టారూ" అన్నాడు. చిన్న బ్యాటరీ యనిన పనికి సరిపడునంత చిన్నది యని అర్థము చెప్పుకొనవలెను.

ఇప్పుడు చెప్పబోవునది వినుటకు కష్టము. 2022 ఏప్రిలు 23వ తేదీ తెల్లవారుజామున విజయవాడలో ఒక యింట, ముందునాడు కొనిన విద్యుత్ స్కూటరు బ్యాటరీని పడకగదిలో ఛార్జింగునకు పెట్టి నిద్రించుచుండగా అది పేలినది. గృహస్థు మరణించెను; భార్యాబిడ్డలు గాయపడిరి. ఆ నెలలోనే నిజామాబాదులో ఒక వృద్ధుడు అట్లే మరణించెను. సెప్టెంబరు 12వ తేదీన సికింద్రాబాదులో విద్యుత్ స్కూటర్ల అంగడిలో పుట్టిన మంటల పొగ పైనున్న వసతిగృహమునకు ఎక్కి ఎనమండుగురిని బలిగొన్నది. కేంద్రప్రభుత్వము బ్యాటరీల నిబంధనలను కఠినపరచి 2022 డిసెంబరు 1నుండి, 2023 మార్చి 31నుండి రెండు విడతలుగా అమలు జరిపినది.

అవి స్కూటర్లు గదా, మనది సైకిలు గదా యని కొందరి ధైర్యము. పెట్టె చిన్నదగుట నిజమే గాని లోని ఘటముల జాతి ఒక్కటే. అంతేకాదు, మోటారు 250 వాట్లకు లోబడి, గంటకు 25 కిలోమీటర్ల వేగమున సాయము ఆగిపోవు తొక్కుసాయపు సైకిలు మన చట్టమున మోటారు వాహనము క్రిందికి రాదు. లైసెన్సు అక్కరలేదు, రిజిస్ట్రేషను అక్కరలేదు. ఈ సదుపాయమే మనపై ఒక బాధ్యతను మోపినది. పాతబ్యాటరీ పోయి, వీథి మలుపున చేతితో కూర్చిన క్రొత్తది వేయించుకొన్నప్పుడు దానిని పరీక్షించు అధికారి యెవరును లేరు. మన కన్నే అధికారి.

ఆ కన్ను చూడవలసినవి కొన్ని. ఘటముల భద్రతకు భారతీయ ప్రమాణము ఐ. ఎస్. 16046, ఆ ముద్ర యున్నదా? లోపల బి. ఎమ్. ఎస్. అను రక్షకఫలక మున్నదా? ఒక్కొక్క ఘటముల జతను వేరువేరుగా కనిపెట్టి, మితిమీరిన నింపును, మితిమీరిన ఖాళీని, వేడిని ఆపునది అదియే; చవుక పెట్టెలలో మొదట ఎగురగొట్టునదియు దానినే. మూడవది ఛార్జరు. దీనినిగూర్చి గట్టిగా చెప్పవలెను. తేలికజాతి ఘటము నిండిన 4.2 వోల్టులు, పది వరుసకట్టిన 42. ఇనుప ఫాస్ఫేటు ఘటము నిండిన 3.65, పండ్రెండు వరుసకట్టిన 43.8. రెండు పెట్టెలపైనను 36 వోల్టులనియే వ్రాసియుండుట కలదు, పిన్నులును ఒకదాని కొకటి పట్టుట కలదు. ఫాస్ఫేటు ఛార్జరును తేలికజాతి పెట్టెకు తగిలించిన, రక్షకఫలకము మంచిది కానిచో, అది అగ్నికి ఆహ్వానమే. ఇంట రెండు సైకిళ్లున్నవారు ఛార్జరులపై రంగుదారము చుట్టి గుర్తు పెట్టుకొనుడు.

ఛార్జి చేయు వేళ ఉదయము. సైకిలు దిగగానే కాక, పెట్టె చల్లారిన పిమ్మట. చోటు వసారా, గచ్చునేల. పడకగది కాదు, మెట్లక్రింద కాదు, బయటికి పోవు ద్వారమునకు అడ్డముగా అసలే కాదు. వేసవిసెలవులలో నెలలతరబడి వాడనివారు నిండుగా కాక సగము నింపి, ఇంటిలో చల్లనిచోట దాచవలెను. ఫాస్ఫేటు పెట్టెకు ఒక వింత గుణము కలదు: దాని వోల్టేజి చివరిదాక ఇంచుమించు ఒక్కతీరుననే నిలిచి, కడపట ఒక్కమారుగా జారును. కావున గీతలు చూపు చవుక మీటరు దానియెడ అబద్ధమాడును. పోయిన కిలోమీటర్లను లెక్కించుకొనుటయే నమ్మకము. మరియొక చిక్కు, ఇది పెద్దది గనుక సన్నని గొట్టపు చట్రములో ఇముడదు. కొనకముందే కొలత చూచుకొనవలెను.

తెలుగువారికి ఈ వ్యాపారము క్రొత్తది కాదు. గల్లా రామచంద్రనాయుడుగారు 1985లో అమరరాజా సంస్థను స్థాపించి తిరుపతి సమీపమునుండి సీసపు బ్యాటరీలను దేశమంతటికి పంపిరి. ఆ సంస్థయే 2023లో మహబూబునగరము దగ్గర దివిటిపల్లిలో లిథియము ఘటముల కర్మాగారమునకు శంకుస్థాపన చేయించినది. తిరుపతిలో 2022లో మునోత్ సంస్థ కర్మాగారము దినమునకు 10 ఆంపియర్-గంటల ఘటములు 20,000 చేయగల సామర్థ్యముతో తొలి ఉత్పత్తికి దిగినది; అవి ముఖ్యముగా ఫోను సామగ్రికి ఉద్దేశింపబడినవి.

కడపట పాతబ్యాటరీ సంగతి. సీసపుదానిని పాతసామానుల వర్తకుడు తూకమునకు కొనును, డబ్బు చేతిలో పెట్టును. లిథియముదానిని తీసికొనిపోయి చూపగా నేనెరిగిన వర్తకుడు చేతులు వెనుకకు తీసికొన్నాడు. దానిని పగులగొట్టరాదు, చెత్తకుప్పలో వేయరాదు, పెరటిలో పాతరాదు. 2022 ఆగస్టులో వెలువడిన బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము, వాడినదానిని తిరిగి గ్రహించి శుద్ధిచేయించు భారము ఉత్పత్తిదారునిది. కొనునాడే రసీదుపై ఉత్పత్తిదారుని పేరు వ్రాయించుకొని, ఆ రసీదును సైకిలు కాగితములతో పాటు భద్రపరచవలెను. పేరు లేని పెట్టెను తిరిగి తీసికొనువాడు ఉండడు.